సెలవు మరునాటి జబ్బు: సంధాయక ప్రోటీనుల చరిత్ర

ప్రత్తిపాడు పేరు వినగానే పంట గుర్తుకు వచ్చును. గుంటూరు జిల్లాలోని ఈ ఊరి చుట్టును, అక్కడి నుండి ప్రకాశం జిల్లా వరకును పరచుకొనియున్న నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప ప్రధానమైన పైరులు. ప్రత్తి తీతలు సాగినంత కాలము ఈ ప్రాంతపు జిన్నింగు మిల్లులకు తీరిక యుండదు. మర గింజను ఒక ప్రక్కకును, దూదిని మరియొక ప్రక్కకును వేరుచేయును. ఈ రెంటితో బాటు మూడవ వస్తువొకటి గాలిలోనికి లేచును. అది ధూళి. దానికి తూకము లేదు, ధర లేదు. కాని దానిని పీల్చువారు కలరు.

ప్రత్తి ధూళిని పీల్చువారికి వచ్చు జబ్బొకటి యున్నది. దాని నడక విచిత్రమైనది. సెలవు ముగించుకొని పనిలోనికి వచ్చిన మొదటి దినమున, కొన్ని గంటలు గడచిన పిమ్మట, ఛాతి బిగిసినట్లగును. దగ్గు, ఆయాసము వచ్చును. కొందరికి జ్వరము కూడ తగులును. రెండవ దినమున అదే ధూళిని పీల్చినను బాధ తగ్గును. వారము చివరకు దాదాపు లేనట్లే యుండును. మరల ఒక దినము సెలవు తీసికొని తిరిగి వచ్చినచో బాధయు తిరిగి వచ్చును. పాశ్చాత్య దేశములలో ఆదివారము సెలవు గనుక దీనికి సోమవారపు జ్వరమని పేరు వచ్చినది. శుక్రవారము సెలవైన చోట అది శనివారపు జబ్బగును.

విషము ఎక్కువగా లోనికి పోయిన కొలది బాధ ఎక్కువ కావలెను గదా! ఇచట విశ్రాంతి తీసికొన్నవానికే బాధ ఎక్కువగుచున్నది. ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు దాదాపు మూడు వందల యేండ్లు పట్టినది. ఆ సమాధానములో చివరి భాగము మన కణములలోని కొన్ని చిన్న ప్రోటీనులకు సంబంధించినది. వానిని అడాప్టరు ప్రోటీనులందురు. ఈ వ్యాసములో వానిని సంధాయక ప్రోటీనులని పిలుతము.

దుమ్మా, దుమ్ములోని విషమా?

1700లో ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని వృత్తుల వలన కలుగు వ్యాధులను గూర్చి ఒక గ్రంథమును ప్రచురించెను. అవిసె మొదలగు నారలను దువ్వువారు ఆ దుమ్ము వలన దగ్గుచు, ఆయాసపడుచుందురని అందు వ్రాసెను. 1831లో ఇంగ్లండు దేశమున జేమ్స్ ఫిలిప్స్ కే అను వైద్యుడు నూలు మిల్లుల పనివారి ఊపిరితిత్తుల వ్యాధిని వర్ణించెను. 1877లో ఫ్రాన్సు దేశీయుడైన ఆద్రియన్ ప్రూస్టు ఈ వ్యాధికి బిస్సినోసిస్ అను పేరు వాడెను. బిస్సోస్ అనగా గ్రీకు భాషలో సన్నని నారబట్ట. 1950ల దశకమున రిచర్డు షిల్లింగు లాంకషైరు నూలు మిల్లులలో పనివారిని పరీక్షించి, వ్యాధిని తరగతులుగా విభజించెను. వారపు మొదటి దినమున మాత్రమే ఛాతి బిగియుట తొలి తరగతి; ఇతర దినములందును బిగియుట తరువాతి తరగతి; ఊపిరితిత్తుల శక్తి శాశ్వతముగా తగ్గిపోవుట కడపటి తరగతి. నూలు మిల్లులలోనే గాక జిన్నింగు మిల్లులలో గూడ ఈ లక్షణములు కలవని 1960ల దశకమున ఈజిప్టు, సూడాను దేశములలో జరిగిన పరిశీలనలు తెలిపినవి.

ఇంత తెలిసినను అసలు ప్రశ్న మిగిలియే యున్నది. బాధ పెట్టునది దూది పీచా, లేక పీచునంటియున్న మరియొక వస్తువా? 1942లో అమెరికాలో వెలువడిన ఒక నివేదిక ఇందుకు ఆధారము చూపినది. అచట పల్లెలలో తక్కువ రకపు మచ్చల దూదితో పరుపులు కుట్టినవారికి కొన్ని గంటలలోనే చలి, జ్వరము, తలనొప్పి, వాంతులు పట్టుకొన్నవి. నీల్, ష్నైటర్, కమినిటా అను పరిశోధకులు ఆ దూదిని పరీక్షించి, అందు ఒక జాతి బాక్టీరియాలు విస్తారముగా నున్నవని కనుగొనిరి. జబ్బు పడినవారికి ఆ క్రిములు అంటుకొని వృద్ధి చెందలేదు. క్రిముల దేహములోని విషమే బాధకు కారణమై యుండవలెనని తేలినది.

ఆ విషము శాస్త్రజ్ఞులకు క్రొత్తది గాదు. 1892లో బెర్లిన్ నగరమున, రాబర్టు కోక్ సంస్థలో పనిచేయుచుండిన రిచర్డు ఫైఫర్ కలరా క్రిములను వేడిచేసి చంపెను. చచ్చిన క్రిములు సైతము గినీపందులను చంపగలిగినవి. క్రిమి బయటికి విడుచు విషము వేరు, క్రిమి దేహములోనే యుండు ఈ విషము వేరు అని గ్రహించి, దీనికి ఎండోటాక్సిన్ అని పేరు పెట్టెను. మనము దీనిని అంతర్విషము అందుము. ఇది కొన్ని బాక్టీరియాల వెలుపలి పొరలో నుండు కొవ్వును, చక్కెరల గొలుసును కలిసిన పదార్థము. ప్రత్తికాయ అడుగున ఆకుల వలె నుండు పుచ్ఛములు ఎండి, పొడియై దూదిలో కలియును. ఈ పొడి మీదనే ఇట్టి బాక్టీరియాలు అధికముగా నుండును. 1987లో కాస్టెలాన్, ఆయన సహచరులు ఒక నిర్ణాయకమైన పరిశోధన ప్రకటించిరి. ఆరోగ్యవంతులైన మనుష్యులను వేరువేరు రకముల ప్రత్తి ధూళి గల గదులలో కూర్చుండబెట్టి, వారి ఊపిరి బలమును కొలిచిరి. ఊపిరి తగ్గుదల ధూళి బరువుతో సరిపోలలేదు. ధూళిలోని అంతర్విషపు పరిమాణముతో సరిపోయినది.

కావలివాడెవడు?

విషము తెలిసినది. దానిని దేహము ఎట్లు గుర్తించుచున్నది? ఇచట ఒక సంగతి గమనింపవలెను. అంతర్విషము పాషాణము వలె తనంత తాను కణములను కాల్చివేయదు. దానిని చూచి దేహమే గొప్ప అలజడి చేయును. జ్వరము, వాపు, ఊపిరి బిగియుట, ఇవి యన్నియు దేహము చేయు అలజడి ఫలితములు. కావున అంతర్విషమును చూచి కేక వేయు కావలివాడెవడో యుండవలెను.

ఆ కావలివాని జాడ ముందుగా ఒక ఎలుకల వంశములో దొరికినది. సి3హెచ్/హెచ్‌ఇజె అను పేరు గల ఎలుకలకు అంతర్విషమును ఎక్కించినను ఏమియు కాదని 1960ల దశకములోనే తెలిసినది. అయితే ఈ భాగ్యము నిజముగా భాగ్యము గాదు. సజీవమైన బాక్టీరియాలు సోకినప్పుడు ఈ ఎలుకలే త్వరగా చచ్చినవి. కేక వేయని ఊరిలో దొంగలకు అడ్డేమి?

మరియొక జాడ ఈగలలో దొరికినది. పండ్ల మీద వ్రాలు చిన్న ఈగ పిండములో వీపు, పొట్ట ఏర్పడుటకు టోల్ అను జన్యువు అవసరమని 1980ల దశకమున జర్మనీలో క్రిస్టియన్ న్యూస్లైన్-ఫోల్‌హార్డు, ఆమె సహచరులు కనుగొనిరి. 1991లో గే, కీత్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈగలోని టోల్ ప్రోటీనును, మనలో జ్వరము కలిగించు ఇంటర్‌ల్యూకిన్-1ను అందుకొను గ్రాహకమును పోల్చి చూచిరి. కణము లోపలికి చొచ్చుకొనియున్న భాగములు రెంటిలోను ఒకే పోలికగా నున్నవి. ఈగ పిండమునకును మనుష్యుని జ్వరమునకును ఏమి సంబంధము? 1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో బ్రూనో లెమేత్ర్, జూల్స్ హాఫ్‌మన్ దీనికి సమాధానమిచ్చిరి. టోల్ చెడిన ఈగలు బూజు సోకి చచ్చినవి. టోల్ పిండమును తీర్చుటయే గాక పెరిగిన ఈగను రోగముల నుండి కాపాడుచున్నదన్న మాట.

జీవులలో పుట్టుకతోనే యుండు ఇట్టి రక్షణకు సహజ రోగనిరోధకశక్తి అని పేరు. క్రిములకు మాత్రమే చెందిన గుర్తులను కనిపెట్టు గ్రాహకములు మనలో నుండవలెనని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున చార్లెస్ జేన్‌వే 1989లోనే ఊహించెను. 1997లో ఆయనయు, రుస్లాన్ మెడ్జిటోవును మానవులలో టోల్ వంటి గ్రాహకమును కనుగొనిరి. మరుసటి సంవత్సరము బ్రూస్ బ్యూట్లర్ బృందము పైని చెప్పిన ఎలుకలలో లోపమేమో తేల్చినది. వానిలో టోల్ వంటి గ్రాహకము-4 అను ప్రోటీనులో ఒకే ఒక ఎమినో ఆమ్లము మారియున్నది. 712వ స్థానమున ప్రోలీన్ ఉండవలసిన చోట హిస్టిడీన్ ఉన్నది. అంతర్విషమునకు కావలివాడు ఈ గ్రాహకమేనని దీనితో స్థిరపడినది. 2011 నోబెల్ బహుమతిలో సగము హాఫ్‌మన్, బ్యూట్లర్‌లకు వచ్చినది.

ఆ మార్పు ఎక్కడ నున్నదో చూడుడు. అది గ్రాహకము వెలుపలి భాగములో లేదు, కణము లోపలి భాగములో నున్నది. ఆ ఎలుకల కావలివానికి కన్ను బాగుగనే యున్నది. చూచిన సంగతిని లోపలికి చెప్పు మార్గము మూతపడినది. అనగా చూచుట ఒక పని, చూచినది చెప్పుట మరియొక పని. ఈ రెండవ పనిలోనే సంధాయక ప్రోటీనుల కథ మొదలగును.

కబురు మోయువాడు

మూడు కాళ్ళ ప్లగ్గును రెండు రంధ్రముల సాకెట్టులో పెట్టుటకు నడుమ ఒక చిన్న సాధనమును వాడుదుము. దానినే అడాప్టరు అందుము. అది విద్యుత్తును పుట్టించదు, దీపమును వెలిగించదు. ఒక వైపున ప్లగ్గుతోను, మరియొక వైపున సాకెట్టుతోను సరిగా అమరును, అంతే. సంధాయక ప్రోటీనులును అట్టివే. అవి ఎంజైములు గావు. ఏ రసాయన చర్యను తాము జరుపవు. ఒక చేత గ్రాహకమును, మరియొక చేత పనిచేయు ఎంజైమును పట్టుకొని, రెంటిని దగ్గరకు చేర్చును.

వీనిలో ముఖ్యమైనది మైడ్-88. దీని చరిత్ర సైన్సు విద్యార్థులు తెలిసికొనదగినది. 1990లో అమెరికాలో లార్డు, హాఫ్‌మన్-లీబర్మన్, లీబర్మన్ అనువారు ఎలుక రక్త కాన్సరు కణములను పెంచుచు, అవి పరిపక్వ కణములుగా మారునప్పుడు ఏయే జన్యువులు మొదట మేల్కొనునో పట్టిక వ్రాసికొనిరి. ఆ పట్టికలోని ఒక జన్యువు ఇది. మైడ్ అనగా మజ్జ కణముల పరిపక్వత అను మాటలకు పొడియక్షరములు. ఆ పేరులో రోగనిరోధము మాటయే లేదు. ఆ ప్రోటీను చేయు పని అప్పటికి ఎవరికిని తెలియదు.

1994లో స్వీడన్ దేశమున డాన్ హుల్ట్‌మార్క్ ఈ ప్రోటీను ఎమినో ఆమ్లముల వరుసను పరిశీలించి, ఇది టోల్, ఇంటర్‌ల్యూకిన్-1 గ్రాహకముల కుటుంబములోనిదని తెలిపెను. గ్రాహకముల లోపలి భాగములోని పోలికయే దీనిలోను కలదు. కాని కణపు పొరలో నాటుకొనుటకు కావలసిన భాగము దీనికి లేదు. పొరలో నాటుకొనని గ్రాహకమేమి? అది గ్రాహకము కాదు, గ్రాహకముతో చేయి కలుపునది. 1997లో వెస్ష్, కావో మొదలగువారి బృందమును, మూజియో, విశ్వ దీక్షిత్ మొదలగువారి బృందమును వేర్వేరుగా దీని పనిని బయలుపరచిరి. ఇంటర్‌ల్యూకిన్-1 గ్రాహకమును, ఐరాక్ అను ఎంజైమును కలుపు వంతెన ఇదియే.

మానవుల మైడ్-88లో ఎమినో ఆమ్లములు 296. దీనిలో రెండు ముఖ్య ఖండములు, వాని నడుమ ఒక చిన్న ముక్క ఉన్నవి. ఒక చివరనున్న టి.ఐ.ఆర్. ఖండము గ్రాహకపు లోపలి భాగములోని అట్టి ఖండముతోనే అతుకుకొనును. రెండవ చివరనున్నదానికి మృత్యు ఖండమని పేరు. కణమరణమునకు సంబంధించిన ప్రోటీనులలో మొదట కనబడుటచే ఆ పేరు వచ్చినది. ఈ రెండవ ఖండము ఐరాక్-4ను పిలుచుకొనును. 2010లో హావో వూ బృందము ఈ కూడిక రూపమును స్ఫటికముల సహాయముతో చూచినది. ఆరు మైడ్-88 అణువులు, నాలుగు ఐరాక్-4 అణువులు, నాలుగు ఐరాక్-2 అణువులు మరమేకు చుట్ల వలె ఒకదానిపై నొకటి పేర్చబడియున్నవి. ఒంటరిగా నున్నప్పుడు ఊరకుండు ఎంజైములు ఇట్లు దగ్గరకు చేరగానే ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకొని పని ప్రారంభించును. అచటి నుండి కబురు చేతులు మారి మారి, తుదకు కేంద్రకము బయట కట్టివేయబడియున్న ఎన్.ఎఫ్. కాపా-బి అను ప్రోటీనును విడిపించును. అది కేంద్రకములోనికి పోయి జ్వరమును, వాపును కలిగించు పదార్థముల జన్యువులను మేల్కొల్పును.

ఈ మార్గము నిజముగా అవసరమా? జపానులోని ఒసాకాలో షిజువో అకీరా బృందము మైడ్-88 లేని ఎలుకలను పుట్టించినది. 1999లో కవాయి, అకీరా మొదలగువారు ప్రకటించిన ప్రకారము, ఈ ఎలుకలు అంతర్విషమునకు చలింపలేదు. కావలివాడున్నాడు, కన్నున్నది, కబురు మోయువాడు లేడు.

అయితే ఆ ఎలుకల కణములలో ఎన్.ఎఫ్. కాపా-బి ఆలస్యముగనైనను మేల్కొనినది. ఒక్క దూత లేకున్నను కబురు కొంత చేరుచున్నదనగా రెండవ దారి యొకటి యుండవలెను. వెదకగా 2001లో టిరాప్ అను సంధాయకము దొరికినది. ఇది మైడ్-88కు కణపు పొర దగ్గర చోటు చూపును. తరువాత రెండేండ్లలో ట్రిఫ్, ట్రామ్ అనునవి బయటపడినవి. ఇవి రెండవ దారికి చెందినవి. ఈ దారిన పోయిన కబురు వైరసులను ఎదిరించు ఇంటర్‌ఫెరాన్‌ను పుట్టించును. ఒకే కావలివాడు చూచిన ఒకే సంగతికి, దూత మారినచో ఫలితమును మారును.

సెలవు మరునాటి మర్మము

ఇప్పుడు జిన్నింగు మిల్లునకు మరలి వత్తము. సెలవు మరునాడు వచ్చిన పనివాని ఊపిరితిత్తులలో ఏమి జరుగుచున్నది? ధూళితో పోయిన అంతర్విషమును అచటి కణముల మీది గ్రాహకము-4 గుర్తించును. మైడ్-88 కబురు నందించును. కొన్ని గంటలలో తెల్లకణములు గుంపులుగా చేరును, వాయునాళములు బిగియును. మనుష్యులలో ఈ గ్రాహకమునకు గల పాత్రకు 2000లో ఒక ఆధారము లభించినది. గ్రాహకపు 299వ స్థానమున మార్పు గల కొందరు అంతర్విషమును పీల్చినప్పుడు ఊపిరి బిగియుట తక్కువగా నున్నదని ఆర్బర్, ష్వార్ట్జ్ మొదలగువారు తెలిపిరి. ఒకే మిల్లులో, ఒకే ధూళిలో పనిచేయు ఇరువురిలో ఒకడు బాధపడి, మరియొకడు బాధపడకుండుటకు ఇది ఒక కారణము కావచ్చును.

మరి రెండవ దినమున బాధ ఏల తగ్గును? పాల్ బీసన్ 1940ల దశకమున కుందేళ్ళకు చచ్చిన టైఫాయిడు క్రిములతో చేసిన మందును దినదినము ఎక్కించి చూచెను. మొదటి దినమున జ్వరము మెండుగా వచ్చినది. తరువాత దినదినమునకు తగ్గినది. ఎక్కించుట మానినచో కొంతకాలమునకు మరల మొదటివలెనే వచ్చినది. దీనిని అంతర్విష సహనమందురు. సోమవారపు జ్వరమును ఈ జాతికి చెందినదేనని చాల కాలముగా శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఈ సహనము ఎచట పుట్టుచున్నది? సంధాయకముల దగ్గర పుట్టు భాగము కొంత కలదు. 2002, 2003 సంవత్సరములలో వెలువడిన పరిశోధనలు ఒక విశేషమును తెలిపినవి. అంతర్విషము తగిలిన కణములు మైడ్-88 యొక్క పొట్టి రూపమును తయారుచేయును. పొట్టి రూపములో రెండు ఖండముల నడుమ నుండవలసిన చిన్న ముక్క లేదు. ఇది గ్రాహకముతో చేయి కలుపును గాని ఐరాక్-4ను పిలువలేదు. కబురు దారిలోనే నిలిచిపోవును. అదే కాలమున ఐరాక్-ఎం అను మరియొక ప్రోటీను గూడ దారికి అడ్డు నిలుచునని, అది లేని ఎలుకలలో సహనము తగ్గిపోవునని తెలిసినది. అనగా మొదటి దినపు అలజడి తన్ను తానే అణచుకొను ఏర్పాటును వెంట తెచ్చుకొనుచున్నది. తెరపి దొరకగానే అడ్డులు తొలగును. కావలివాని కేక మరల నిరాటంకముగా లోనికి చేరును.

ఇందులో ఒక హెచ్చరిక యున్నది. వారము నడుమ బాధ తగ్గినప్పుడు పనివాడు "అలవాటు పడినది" అని తృప్తిపడును. యజమానియు అట్లే తలచును. కాని గాలిలోని ధూళి ఒక వీసమైనను తగ్గలేదు. తగ్గినది కబురు మాత్రమే. షాంఘై నగరపు నూలు మిల్లుల పనివారిని 1981 మొదలుకొని అనేక సంవత్సరములు పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అంతర్విషమునకు లోనైన కొలది ఊపిరి బలము ఏటేటా తరుగుచు వచ్చినదని చూపిరి. ఆ పని మానిన తరువాత అది కొంత కోలుకొన్నదనియు చూపిరి.

దూత తప్పినచో

కబురు మోయువాడు బొత్తిగా లేనిచో మనుష్యునికి ఏమగును? 2008లో హోర్స్ట్ ఫాన్ బెర్నూత్, జాన్-లొరాన్ కాసనోవా మొదలగువారు మైడ్-88 లోపముతో పుట్టిన తొమ్మండుగురు పిల్లలను గూర్చి వ్రాసిరి. న్యుమోనియా క్రిములు, చీము పుట్టించు స్టాఫిలోకోకస్ క్రిములు వారిని మాటిమాటికి పీడించినవి. ప్రాణము మీదికి వచ్చు జబ్బులోను ఇట్టి పిల్లలకు జ్వరము ఆలస్యముగ, తక్కువగ వచ్చును. జ్వరము లేదు గదా యని తల్లిదండ్రులు ధైర్యపడు వేళనే ప్రమాదము ముదురును. అయితే వైరసులను, అనేకములైన ఇతర క్రిములను వారు మామూలుగానే ఎదుర్కొనగలిగిరి. పెద్దవారైన కొలది వారి స్థితి మెరుగైనది. టీకాల వలెనే అనుభవము వలన వచ్చు రెండవ రకపు రోగనిరోధము క్రమముగా బలపడుటయే ఇందుకు కారణమని భావింపబడుచున్నది.

దూత అతిగా కేకలు వేసినను ప్రమాదమే. వాల్డెన్‌స్ట్రామ్ వ్యాధి అను అరుదైన రక్త కాన్సరు గలవారిలో నూటికి తొంబదిమందికి పైగా మైడ్-88లో ఒకే మార్పు కలదని 2012లో తెలిసినది. 265వ స్థానమున ల్యూసీన్‌కు బదులు ప్రోలీన్ చేరినది. గ్రాహకము ఏమియు చూడకున్నను ఈ మారిన ప్రోటీను గుంపుగూడి కబురు పంపుచుండును.

కొత్తగూడెము నుండి మెంఫిస్ వరకు

ఈ రంగమున ఒక తెలుగు మహిళ చేసిన కృషి మన విద్యార్థులు తెలిసికొనదగినది. ఆమె కన్నెగంటి తిరుమలదేవి. తెలంగాణములోని కొత్తగూడెమునకు చెందినవారు. అచటి మహిళా కళాశాలలో రసాయన, జంతు, వృక్షశాస్త్రములు చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎం.ఎస్‌సి., పిహెచ్.డి. పట్టములు పొందిరి. ఆమె తొలి పరిశోధనలు పైరులకు, ధాన్యములకు పట్టు బూజుల విషములను గూర్చినవి. ఆంధ్రప్రదేశ్ మార్కెట్టు యార్డుల నుండి, శీతల గిడ్డంగుల నుండి సేకరించిన మిరపకాయలలో అఫ్లటాక్సిన్ అను బూజు విషమును కొలిచి 2001లో ప్రకటించిన పరిశోధనలో ఆమెయు ఒక రచయిత్రి. మిరప పండించు మన ప్రాంతమునకు అది దగ్గరి విషయము. పిమ్మట అమెరికాలో మొక్కల రోగనిరోధమును పరిశీలించి, అచటి నుండి జంతువుల సహజ రోగనిరోధమునకు మరలిరి.

ఆమె పనిలో ముఖ్యస్థానము గల సంధాయక ప్రోటీను ఏ.ఎస్.సి. దీని చరిత్రయు మైడ్-88 చరిత్ర వంటిదే. 1999లో జపానులోని షిన్షూ విశ్వవిద్యాలయమున మసుమోతో, సగారా మొదలగువారు చచ్చిపోవుచున్న రక్త కాన్సరు కణములలో ఒక చుక్క వలె పోగగు ప్రోటీనును చూచి దానికి ఈ పేరు పెట్టిరి. 195 ఎమినో ఆమ్లములు గల ఈ చిన్న ప్రోటీనుకును రెండు చేతులున్నవి. ఒకటి కణద్రవములోని కావలివానిని పట్టుకొనును, రెండవది కాస్పేస్-1 అను ఎంజైమును పట్టుకొనును. 2002లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో యుర్గ్ చాప్ బృందము ఈ కూడికకు ఇన్‌ఫ్లమసోమ్ అని పేరు పెట్టినది. దీనిలో మేల్కొనిన కాస్పేస్-1, ఇంటర్‌ల్యూకిన్-1ను దాని ముడి రూపము నుండి కోసి పనికివచ్చునట్లు చేయును.

2006లో మిషిగన్ విశ్వవిద్యాలయమున గాబ్రియేల్ నూన్యెజ్‌తో కలిసి తిరుమలదేవిగారు ఒక ముఖ్య విషయమును ప్రకటించిరి. క్రయోపైరిన్ అను కణాంతర ప్రోటీను బాక్టీరియాల ఆర్.ఎన్.ఏ.ను బట్టి కాస్పేస్-1ను మేల్కొల్పును. క్రయోపైరిన్ తనంత తాను ఆ ఎంజైమును పట్టుకొనజాలదు, నడుమ ఏ.ఎస్.సి. ఉండవలెను. 2007లో ఆమె మెంఫిస్ నగరములోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో చేరిరి. ఇన్‌ఫ్లుయెంజా వైరసు సోకిన కణములో జడ్‌.బి.పి.-1 అను ప్రోటీను ఎట్లు మరణ శాసనము వ్రాయునో 2016లో ఆమె బృందము చూపినది. కణమరణపు మూడు మార్గములు ఒకే కూడికలో కలిసి నడచుటకు 2019లో పానాప్టోసిస్ అను పేరును ఆ బృందమే వాడుకలోనికి తెచ్చినది.

చరిత్ర నేర్పునది

ఈ చరిత్రను తరగతిలో చెప్పు ఉపాధ్యాయులు ఒక సంగతిని నొక్కి చెప్పవలెను. మైడ్-88ను కనుగొన్నవారు జ్వరమును వెదకలేదు. ఏ.ఎస్.సి.ని కనుగొన్నవారు ఇంటర్‌ల్యూకిన్‌ను వెదకలేదు. టోల్‌ను కనుగొన్నవారు ఈగకు వీపు ఎట్లు వచ్చునని అడిగిరి. ప్రత్తి ధూళిని పరీక్షించిన వైద్యులకు ఈ పేర్లేవియు తెలియవు. అయినను ప్రతివారును తాము చూచినది చూచినట్లు వ్రాసియుంచుటచే, తరువాతివారు ఆ ముక్కలను కలుపగలిగిరి. విజ్ఞానమునకును సంధాయకములు కావలెను.

మన మిల్లులకు దీని వలన తేలు ప్రయోజనము స్పష్టమైనది. బిస్సినోసిస్ తెలియజేయవలసిన వ్యాధులలో నొకటిగా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు మూడవ షెడ్యూలులో చేర్చబడినది. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలోని పట్టికలోను కలదు. ధూళిని పుట్టిన చోటనే పీల్చివేయు గొట్టములు, గాలి వచ్చిపోవు కట్టడము, ముక్కుకు నోటికి సరిగా అమరు మాస్కు, ఏటేట ఊపిరి బలమును కొలుచుట, ఇవి తెలిసిన ఉపాయములు. ఆకు, పుచ్ఛములు కలియకుండ శుభ్రముగా తీసిన ప్రత్తిలో విషము తక్కువ. రైతు చేనిలో చూపు జాగ్రత్త మిల్లులోని పనివాని ఊపిరితిత్తులకు మేలగును.

సెలవు మరునాడు ఛాతి బిగిసినదని పనివాడు చెప్పినచో దానిని బద్ధకమని కొట్టివేయరాదు. ఆ దినమున అతని కావలివాడు చూచిన సంగతి అతనికి సరిగా చేరినది. మంగళవారమున నొప్పి లేదనుట ధూళి లేదనుటకు సాక్ష్యము గాదు.